800 ఇంజన్ బోరు చేయించా, 40 స్పీడు దాటొద్దంటున్నారు. నిజమేనా?

సింగ్‌నగర్ 800:

అందరికీ నమస్తే. మాది 2004 మారుతి 800, నాన్నగారి బండి. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వరద మా వీధిలోకి వచ్చినప్పుడు, నీళ్ళు ఇంకా మోకాళ్ళ దాకానే ఉన్నాయి కదా, తీసుకెళ్ళి ఫ్లైఓవర్ మీద పెట్టేద్దామనుకున్నా. నాలుగిళ్ళు దాటానో లేదో ఇంజన్లోకి నీళ్ళు దూరి లోపల ఠక్‌మని ఒక్క దెబ్బ. బండి ఆగిపోయింది. నాన్న మేడ మీంచి "సెల్ఫ్ కొట్టకురా" అని అరుస్తూనే ఉన్నారు, నేను ఇంకో రెండుసార్లు కొట్టా. సాయంత్రానికి బానెట్ కూడా కనపడలేదు.

ఉన్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే కాబట్టి పైసా రాలేదు. ఏడాది పైన కవరు కప్పి వదిలేశాం. అమ్మేద్దామంటే నాన్న ఊరుకోరు. మొన్న ఆటోనగర్‌లో ఇంజన్ దించితే రెండో సిలిండర్ కనెక్టింగ్ రాడ్డు ఒంగిపోయి ఉంది. మిగతా రెండింటి పక్కన బల్ల మీద పెడితే కంటికే తెలిసిపోయింది. నీళ్ళు నిలిచిన చోట బోర్ల (పిస్టన్లు ఆడే గొట్టాల) గోడకి తుప్పు తినేసి చిన్న చిన్న గుంటలు. 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) వెడల్పయ్యేలా బోరు చేసి ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు వేశారు. క్రాంక్ 10 థౌ గ్రైండింగ్. కొత్త బేరింగులు, హెడ్డు ఫేసింగ్, వాల్వులు అరగదీయడం కూడా అయ్యాయి.

సరదాకి లెక్క వేశా. 68.5 ఎంఎం బోరు ఇప్పుడు 69 అయింది, స్ట్రోకు 72. అంటే 796 సీసీ కాస్తా 808 అయింది. పేరుకి తగ్గట్టు 800 దాటింది మా బండి!

ఇప్పుడు అసలు సంగతి. ఎల్లుండి స్టార్ట్ చేస్తారు. మెకానిక్ గారేమో షెడ్డులోనే రెండు గంటలు ఐడ్లింగ్‌లో పెడతా, సెట్ అవుతుంది, తర్వాత 1000 కిలోమీటర్లు 40 దాటొద్దు, నలుగురు ఎక్కొద్దు అన్నారు. గుంటూరులో ఉండే మా బావేమో మొదటిరోజు నుంచే బాగా తొక్కు అంటాడు. బావ మాట విని రేపేదన్నా అయితే మెకానిక్ "నే చెప్పింది విన్లేదుగా" అని చేతులు దులిపేసుకుంటాడు. ఏం చెయ్యమంటారు?

పటమట కుర్రాడు:

మెకానిక్ చెప్పినట్టు నడపండి బ్రో. కొత్త ఇంజన్ని ఎంత మెల్లగా నడిపితే అంత మంచిది. ఫుల్ సింథటిక్ ఆయిల్ పోయించండి, ఖర్చుకి చూడొద్దు.

గుంటూరు అంబాసిడర్:

నా అంబాసిడర్‌కి పని చేయించినప్పుడు స్టార్ట్ అవ్వగానే 2000 ఆర్‌పీఎమ్‌లో 20 నిమిషాలు ఆపకుండా ఉంచమన్నారు. అలాగే చేశాం. ఇప్పటికీ బాగుంది.

బోరింగ్ బాబాయ్:

బాబూ సింగ్‌నగరూ, నేను ఆటోనగర్‌లో లేత్ మీద, బోరింగ్ మిషను మీద ముప్ఫై ఏళ్ళు చేశా. ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నా.

ముందు ఆ రెండు గంటల ఐడ్లింగు మాన్పించండి. మీ ఇంట్లో అమ్మమ్మల కాలపు రోలు ఉంటే గుర్తు తెచ్చుకోండి. "రోళ్ళకి కక్కు కొడతాం" అని వీధిలోకి వచ్చేవాళ్ళు కదా? బోరు చేశాక మేం హోనింగ్ రాళ్ళతో చేసేదీ అదే పని. గోడ మీద అడ్డంగా, ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకునేలా సన్నటి గీతలు పడతాయి. వేలితో రాస్తే లీలగా గరుకు తగుల్తుంది. ఆ కక్కు ఉండగానే రింగు దానికి రాసుకుని గోడకి అతుక్కోవాలి.

రింగు తన బిగువుతో గోడని నొక్కేది కొంచెమే. పెట్రోలు మండినప్పుడు పుట్టే ప్రెషరు రింగు వెనక్కి దూరి దాన్ని గోడకేసి అదుముతుంది. యాక్సిలరేటరు తొక్కి బరువు లాగిస్తేనే ఆ ప్రెషరు వస్తుంది. ఐడ్లింగులో ఏముంది? రింగు మీదమీదే జారుతుంది, గీతల్లో నిలిచిన ఆయిల్ మాడి గాజులా నున్నటి పూత పడుతుంది. అది పడ్డాక నువ్వెంత తొక్కినా లాభం లేదు, ఆయిల్ తాగుతూనే ఉంటుంది, మళ్ళీ విప్పి కక్కు కొట్టాల్సిందే. భద్రంగా నడిపి పాడుచేసుకుని నా దగ్గరికి తిరిగొచ్చిన బళ్ళు నేను బోలెడు చూశా.

అంబాసిడర్ గారు చెప్పింది ఆయన బండికి సబబే. వాల్వుల్ని తెరిచే క్యామ్, ట్యాపెట్లు కొత్తవి వేసినప్పుడు అలా చేస్తారు. మీకు పాత క్యామ్, పాత రాకర్లు ఎక్కడివక్కడే వేసుంటే ఆ గొడవ లేదు. అసలు 800లో ఆర్‌పీఎమ్ ముల్లే లేదుగా!

స్టార్ట్ చేసేముందు మూడు ప్లగ్గులూ ఊడదీసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టించండి. పది సెకన్లు కొట్టి కాసేపు ఆపండి, లేకపోతే సెల్ఫ్ మోటారు మాడుతుంది. రేడియేటర్‌లో గాలి పోయిందో లేదో చూసుకోండి. స్టార్ట్ అయ్యాక ఎక్కడా కారట్లేదని నిమ్మళించి వెంటనే రోడ్డెక్కండి.

తెల్లారి 5 గంటలకి బందరు రోడ్డు పట్టండి. బెంజి సర్కిల్ వైపు మాత్రం పోవద్దు, ట్రాఫిక్‌లో నిలబడితే ఐడ్లింగు బయటికొచ్చినట్టే. ఇంజన్ వేడెక్కాక మూడో గేరులో 30 నుంచి 60 దాకా లాగించి, కాలు పూర్తిగా తీసేసి, గేరులోనే మళ్ళీ 30కి రానివ్వండి. మొదట సగం తొక్కుడు, తర్వాత ముప్పావు. కాలు తీసినప్పుడు లోపలి పీల్పుకి ఆయిల్ పైకొచ్చి అరిగిన పొడిని కడుగుతుంది. ఇలా పది పదిహేనుసార్లు. నాలుగో గేరులో 30 మీద ఈడ్చొద్దు, గేరుని గోల పెట్టేదాకా లాగొద్దు. మెకానిక్ చెప్పిందాంట్లో నిజం ఆ మేరకు ఉంది, బేరింగులు కూడా కొత్తవే కదా.

సింథటిక్ ఇప్పుడొద్దు. మామూలు 20డబ్ల్యూ40 మినరల్ పోయండి. 50 కిలోమీటర్లకే ఆయిలూ ఫిల్టరూ మార్చండి, మళ్ళీ 500కి.

ఇంకోటి, రింగుల గ్యాప్, అంటే రింగు రెండు కొసల మధ్య ఖాళీ, చూశారా? ఇంచి బోరుకి 4 థౌ లెక్కన మీ 69కి 11 థౌ దగ్గర ఉండాలి. ఇరుగ్గా ఉంటే వేడికి సాగి కొసలు కొట్టుకుంటాయి. అడగండి.

మాట పడకుండా ఉండాలంటే మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళండి.

సింగ్‌నగర్ 800:

బాబాయ్ గారూ, మీ మాటే చేశా. రింగుల గ్యాప్ అడిగితే మెకానిక్ కాస్త చిన్నబుచ్చుకున్నారు గానీ, 12 థౌ అని నోటుబుక్కులో రాసుకున్నది చూపించారు. పొద్దున్నే ముగ్గురం ఉయ్యూరు దాకా వెళ్ళొచ్చాం. నేను తొక్కినప్పుడల్లా వెనక సీట్లోంచి నాన్న "యాభై దాటావ్, యాభై దాటావ్" అంటారు. కంకిపాడు దాకా వెనక సన్నగా నీలం పొగ, వచ్చేటప్పుడు లేదు. ఆయిల్ దించి చూస్తే పళ్ళెంలో వెండి రంగు పొడి, కనుమ రోజు ముగ్గుల్లో చల్లుతారే, అలా మెరిసింది. గుండెలు జారాయి. ఇది మామూలే అన్నారు మెకానిక్.

ఇప్పటికి 620 కిలోమీటర్లు. డిప్ స్టిక్ మీద ఆయిల్ కదల్లేదు. కానీ ట్రాఫిక్‌లో ఇంజన్ వేడి చూపించే ముల్లు సగం దాటి పైకి పోతోంది. బోరు చేసినందుకేనా?

బోరింగ్ బాబాయ్:

మొదటి ఆయిల్‌లో పొడి మామూలే, రెండోసారి తగ్గాలి. వేడికి బోరు కారణం కాదులే. కొత్త ఇంజన్ మొదట్లో కాస్త వేడెక్కినా ఈపాటికి తగ్గాలి. రేడియేటర్ ఊడదీసి వెలుతురుకి పట్టి చూడు, రెక్కల మధ్యనుంచి వెలుగు అవతలికి పడుతోందా? ఫ్యాన్ తిరుగుతోందా?

సింగ్‌నగర్ 800:

ఫ్యాన్ తిరుగుతోంది. రేడియేటర్ ఎండకి పెడితే కింది సగం నల్లగా గోడే! వెనకనుంచి నీళ్ళు కొట్టిస్తే బుడమేరు బురద ముద్దలు ముద్దలుగా రాలింది, మధ్యలో ఒక గుర్రపుడెక్క వేరు కూడా. నిన్న బెంజి సర్కిల్‌లో ఇరవై నిమిషాలు ఇరుక్కున్నాం, ముల్లు సగం దగ్గరే ఉంది. నాన్న ఈసారి స్పీడు ముల్లు చూడలేదు, ఈ ముల్లే చూస్తూ కూర్చున్నారు.