నాలుగు సార్లు వేస్తే 6 పడే సంభావ్యత 4/6 ఎందుకు కాదు?

ప్రశ్న (ఎప్‌సెట్ అభ్యర్థి, దిల్‌సుఖ్‌నగర్): పాచికను 4 సార్లు వేస్తే కనీసం ఒక 6 పడాలి. 1/6ని నాలుగుసార్లు కూడితే 4/6 వస్తోంది. కీలో 671/1296 ఉంది. తప్పెక్కడ సార్?

జవాబు 1: అలా కూడితే 7 సార్లు వేసినప్పుడు 7/6 రావాలి. సంభావ్యత 1 దాటుతుందా? పరస్పర వివర్జిత ఘటనలైతేనే (ఒకటి జరిగితే రెండోది జరగనివి) నేరుగా కూడాలి. ఇక్కడ రెండు మూడుసార్లు కూడా 6 పడొచ్చు, వాటిని మీరు మళ్లీ మళ్లీ లెక్కేశారు. పూరక ఘటన పట్టుకోండి: ఒక్కసారీ 6 పడకపోవడం (5/6)⁴ = 625/1296. 1 నుంచి తీసేస్తే 671/1296, సుమారు 0.518.

జవాబు 2: పైన 5/6ని నాలుగుసార్లు గుణించగలిగింది ఒకసారి వేసిన ఫలితం ఇంకోసారి దాన్ని మార్చదు కాబట్టి, అంటే అవి స్వతంత్ర ఘటనలు; ఇదే గుణకార సూత్రం. కానీ రెండు ఘటనలు స్వతంత్రమో కాదో చూపుకి తెలియదు, సంభావ్యతలను గుణించి, రెండూ కలిసి జరిగే సంభావ్యతతో సరిపోతుందో చూడాల్సిందే. రెండు పాచికల్లో ‘మొదటిది 6’, ‘మొత్తం 7’ స్వతంత్రాలే: 1/6 × 1/6 = 1/36, రెండూ కలిసి జరిగేదీ 1/36. మొత్తం 8 అంటే మాత్రం 1/6 × 5/36 = 5/216. 1/36 కాదు కదా, స్వతంత్రం పోయింది. పరీక్షలో ఇక్కడే బోల్తా పడతారు.

జవాబు 3: అష్టాచెమ్మా గవ్వలకూ గుణకార సూత్రం పనిచేస్తుంది. కానీ వెల్లకిలా పడటానికి 1/2 అని మాత్రం వేసేయకండి, గవ్వకు రెండు వైపులూ ఒకేలా ఉండవు.

ప్రశ్నించినవారు: 3 సార్లు వేస్తే 91/216. సరేనా?

జవాబు 1: సరే.