పవర్ లా డిగ్రీలతో సింపుల్ గ్రాఫ్: ఎన్ని అంచుల మార్పిడులు చాలు?

రాండమ్ గ్రాఫ్‌ల సదస్సులో పెట్టే పోస్టర్‌కి సాయం కావాలి. లక్ష శీర్షాలున్న సింపుల్ గ్రాఫ్ (లూపులు, జంట అంచులు లేనిది) కావాలి; డిగ్రీలకు, అంటే ఒక్కో శీర్షానికి తగిలే అంచుల సంఖ్యకు, పవర్ లా (చాలా శీర్షాలకు చిన్న డిగ్రీ, కొద్దిటికి చాలా పెద్దది), ఘాతాంకం 2.5. కాన్ఫిగరేషన్ మోడల్‌లో ఒక్కో శీర్షానికి దాని డిగ్రీ అన్ని అర్ధ-అంచులు (half-edges) ఇచ్చి, వాటిని యాదృచ్ఛికంగా జతకడితే హబ్‌ల (పెద్ద డిగ్రీ శీర్షాల) దగ్గర లూపులు, జంట అంచులు వచ్చేస్తున్నాయి. 3-రెగ్యులర్ గ్రాఫ్ (అన్ని శీర్షాల డిగ్రీ 3) అయితే ఒక్కో ప్రయత్నంలో సింపుల్ గ్రాఫ్ వచ్చే సంభావ్యత దాదాపు 0.135, ఏడెనిమిది సార్లు తిప్పితే దొరుకుతుంది. ఇక్కడ రెండో మొమెంట్ (డిగ్రీల వర్గాల సగటు) అనంతం కాబట్టి ఆ సంభావ్యత దాదాపు సున్నా, ఆ దారి మూసుకుపోయింది. చెడ్డ అంచుల్ని చెరిపేస్తే హబ్‌ల డిగ్రీలే తగ్గుతాయి, పోస్టర్‌లో చూపాల్సింది సరిగ్గా ఆ పెద్ద డిగ్రీల తోకనే!

అందుకే హావెల్-హకీమీతో (ఇచ్చిన డిగ్రీలకు ఒక సింపుల్ గ్రాఫ్ కట్టే పద్ధతి) మొదలుపెట్టి, యాదృచ్ఛికంగా రెండేసి అంచులు తీసుకుని వాటి కొసలు మార్చడం; డిగ్రీలు మారవు. మార్పిడి చెల్లకపోతే (లూపో జంట అంచో వస్తే) పాత గ్రాఫ్‌నే మరో అడుగుగా లెక్కించాలి, లేకపోతే ఏకరీతి పంపిణీ (ఆ డిగ్రీలున్న ప్రతి సింపుల్ గ్రాఫ్‌కీ సమాన అవకాశం) దెబ్బతింటుంది. అంచుల సంఖ్యకు ఎన్ని రెట్లు మార్పిడులు చేస్తున్నారు? త్రిభుజాల సంఖ్య నిలకడపడితే నమ్మొచ్చా, ఇంకేదైనా కొలవాలా?