తారుబొమ్మ కథలో కుందేలు హీరోనా, మోసగాడా?

ప్రశ్న:
మా పాపకి రాత్రిళ్లు బ్రెర్ రాబిట్ కథలు చదువుతున్నా, ఆఫ్రికన్ అమెరికన్ల జానపద కథలు. నక్క తారుతో బొమ్మ చేసి దారిలో పెడుతుంది, కుందేలు పలకరిస్తే బొమ్మ బదులివ్వదు, ఒళ్లు మండి ఒక్కటిచ్చి అతుక్కుపోతుంది. చివరికి "ఏమైనా చెయ్యి, ఆ ముళ్లపొదలో మాత్రం పడెయ్యకు" అని ఏడ్చి, సరిగ్గా అక్కడే పడేయించుకుని పారిపోతుంది. పాప చప్పట్లు కొట్టింది కానీ నాకే ఏదోలా ఉంది. ఇన్ని అబద్ధాలాడే దాన్ని హీరో ఎందుకు చేశారు?

జవాబు:
ఈ కథలు చెప్పుకున్నది బానిసలండీ. యజమానికి ఎదురు చెప్తే కొరడా దెబ్బలు, లేదంటే పిల్లల నుంచి విడదీసి అమ్మేయడం. బలమంతా నక్కది, తోడేలుది, కుందేలుకి ఉన్నది నోరొక్కటే. పైగా ఆ ముళ్లపొద అది పుట్టి పెరిగిన చోటు, ఆ సంగతి నక్కకి తెలీదు. ఆ మాట దగ్గర వినేవాళ్లు ఎందుకు నవ్వేవాళ్లో ఊహించండి.

జవాబు:
నిజమే, కానీ దాన్ని మరీ మంచిదాన్ని చెయ్యకండి. ఒక కథలో తోడేలుని పెట్టెలో దాక్కోమని, మూతకి చిల్లులు పెట్టి, మరిగే నీళ్లు పోసి చంపుతుంది. అంతకుముందు తోడేలు దాని పిల్లల్ని ఎత్తుకుపోయిందనుకోండి, అయినా చదువుతుంటే ఒళ్లు జలదరించింది. కష్టాలు పడ్డవాళ్లందరూ సాధువులైపోతారని ఈ కథలు చెప్పవు, నాకు నచ్చేది అదే.

జవాబు:
వీటిని 1880లో పుస్తకంగా తెచ్చిన జోయెల్ చాండ్లర్ హ్యారిస్ తెల్లజాతి జర్నలిస్టు. కుర్రాడిగా జార్జియాలో ఒక తోటలోని ప్రెస్సులో పనిచేస్తూ బానిసల నోట విన్నాడు. కానీ కథలు చెప్పే రీమస్ తాతని పాత యజమానుల మీద ప్రేమ పోనివాడిగా చూపించాడు, నాకు కోపం అక్కడే. దాంతోపాటు చార్లెస్ చెస్నట్ 1899లో వేసిన 'ది కాంజూర్ ఉమన్' తప్పకుండా చదవండి. అందులో జూలియస్ అనే మాజీ బానిసే కుందేలు. నార్త్ కరోలినాలో తోట కొన్న తెల్ల దంపతులు పాత బడి చెక్కలతో వంటిల్లు కట్టబోతే, మంత్రంతో చెట్టుగా మారిన మనిషిని కోసి తీసిన చెక్కలవి అని కథ చెప్తాడు. ఆవిడ ఆ చెక్కలు వద్దంటుంది. తర్వాత ఆ బడి జూలియస్ వాళ్ల చర్చికి దక్కుతుంది! చెస్నట్ కూడా ఆఫ్రికన్ అమెరికనే, ఆ తేడా ప్రతి పేజీలో తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ అందరికీ. ముళ్లపొద దాని సొంత చోటని చెప్తే పాప మళ్లీ మొదట్నుంచి చదవమంది. చెస్నట్ పుస్తకం నాకోసం వెతుకుతా. తోడేలు కథ మాత్రం ఇంకో రెండేళ్లు ఆగి చెప్తాను.