మాటలు త్వరగా వచ్చిన పిల్లల్లో ఆస్పర్జర్స్: మూడేళ్ళకే తెలుస్తుందా?

గోరువంక: రెండేళ్ళకే వాక్యాలు మాట్లాడిన పిల్లాడు. చిన్నపిల్లల్లో ఆటిజం సూచనలు కనిపెట్టే ఎం-చాట్ ప్రశ్నావళిలో స్కోరు 1. ఇప్పుడు మూడు దాటాయి, తోటిపిల్లలతో కలవడం లేదని ప్లేస్కూల్ వాళ్ళంటున్నారు. స్కోరు తక్కువ కాబట్టి ఆస్పర్జర్స్ (మాటలు వేళకే వచ్చినా నలుగురితో కలవడంలో ఇబ్బంది ఉండే ఒక రకం ఆటిజం) లేనట్టేనా?

స్పీచ్‌గది: లేదని చెప్పలేమండీ. ఎం-చాట్ 16 నుంచి 30 నెలల పిల్లలకి పెట్టింది. 20 ప్రశ్నల్లో 0-2 వస్తే రిస్కు తక్కువ, 3-7 అయితే ఆ ప్రశ్నలే వివరంగా మళ్ళీ అడగాలి, 8 నుంచి పైన నేరుగా నిపుణుల దగ్గరికే. మాటలొచ్చిన పిల్లలు ఇందులో దొరక్కుండా పోవడం మామూలే. వేలుపెట్టి చూపించడమే తీసుకోండి. ఏదైనా కావాలని చూపించడం వేరు, ఊరికే "అదుగో విమానం" అని చూపించి మీరు చూశారా లేదా అని మీ మొహం వైపు తిరగడం వేరు. ప్రశ్నావళి రెండూ విడిగానే అడుగుతుంది, నింపేవాళ్ళు రెండూ ఒకటే అనుకుని అవునని టిక్ పెట్టేస్తారు.

ఇంట్లో చూడాలంటే సబ్బుబుడగలు ఊది, మూత బిగించి, చేతిలో పట్టుకుని ఊరుకోండి. మామూలుగా పిల్లలు సీసా వైపోసారి, మీ మొహం వైపోసారి చూస్తారు, నవ్వుతారు, అడుగుతారు. కొందరు మీ మొహం జోలికే రాకుండా మీ చెయ్యి పట్టుకుని మూత మీద పెడతారు. ఒక్కసారికి ఏమీ తేలదు. వేరువేరు రోజుల్లో, వేరువేరు వస్తువులతో చూడాలి.

నిదానం: కళ్ళలోకి చూసి మాట్లాడే పిల్లాడికి ఆస్పర్జర్స్ ఎలా ఉంటుంది? పైగా ఆ పేరునే 2013లో డీఎస్ఎం-5, అంటే అమెరికా మానసిక వైద్యుల సంఘం రోగనిర్ధారణ పుస్తకం, తీసేసింది. లేనిదానికి లక్షణాలు వెతకడమేంటి?

స్పీచ్‌గది: పేరు తీసేశారు, పిల్లలెక్కడికీ పోలేదు. ఆటిజం స్పెక్ట్రం అనే ఒకే పెద్ద పేరు కింద కలిపారంతే. పాత నిర్వచనంలో రెండేళ్ళకి విడి మాటలు, మూడేళ్ళకి చిన్నచిన్న వాక్యాలు వచ్చి ఉండాలన్నది షరతు. అందుకే ఈ పిల్లలు బడి వయసు దాకా ఎవరి కంటా పడరు. ఇక చూపు సంగతి: చూస్తాడా లేదా అని కాదు, మాటా సైగా చూపూ కలిసి వస్తున్నాయా అన్నది ముఖ్యం.

నిదానం: కళ్ళ గురించి అడిగితే సైగల గురించి చెప్తారేంటి? చూస్తాడా, చూడడా?

వానచినుకు: చూస్తాడండీ. కొందరైతే రెప్పవాల్చకుండా చూస్తారు. ఇక వదిలెయ్యండి.

అక్షరమాల: మాటలొచ్చాయా అని కాదు, వాటితో ఏం చేస్తున్నాడో చూడండి. తనకి దాహమేస్తే "నీకు నీళ్ళు కావాలా?" అంటాడు, మనం అడిగే ఫక్కీలోనే. రెండేళ్ళకి ఇది మామూలే, మూడు దాటాక కూడా తరచూ వస్తుంటే రాసిపెట్టుకోండి. "నా తల తినకు" అంటే బిత్తరపోవడం మాత్రం ఈ వయసులో లెక్కలోకి రాదు, జాతీయాలు పిల్లలందరికీ ఆలస్యంగానే అర్థమవుతాయి.

నాలుగేళ్ళప్పుడు ఇంకో పని చెయ్యొచ్చు. తనకిష్టమైన ఫ్యాన్ల గురించో రైళ్ళ గురించో చెబుతుంటే మధ్యలో "నిన్న నేను జారి పడ్డాను" అని ఆగండి. "ఎక్కడ? దెబ్బ తగిలిందా?" అంటాడా, ఫ్యాన్ రెక్కల దగ్గరికే తిరిగి వెళ్ళిపోతాడా?

నిదానం: బొమ్మలు వరసగా పేర్చినా ఆటిజమే అంటారు మీరు. రెండేళ్ళ పిల్లలందరూ పేరుస్తారు.

అక్షరమాల: నేను ఆ మాటే ఎత్తలేదు. మీరన్నారు కాబట్టి చెప్తున్నా, పేర్చడంలో ఏమీ లేదు. మధ్యలో ఒక బొమ్మ తీసేస్తే ఏమవుతుందో చూడాలి.

నిదానం: ఇవన్నీ చదివి తల్లిదండ్రులు పిల్లాణ్ణి పక్కనబెట్టి లక్షణాలతో కాపురం చేస్తారు. ఐదేళ్ళదాకా ఆగితే కొంపలేం మునిగిపోవు.

స్పీచ్‌గది: ఆగమనడానికేం, నోటితో పనే కదా! ఆ రెండేళ్ళూ వాణ్ణి మొండి అంటారు, పొగరంటారు, తిడతారు. ఆడపిల్లయితే "నెమ్మదస్తురాలు" అని మెచ్చుకుని మరీ వదిలేస్తారు. పక్కపిల్లని చూసి నవ్వు, మాట, నడక అన్నీ అనుకరిస్తూ నెట్టుకొస్తుంది, ఇంటికొచ్చాక విరుచుకుపడుతుంది.

నిదానం: సాయం చెయ్యొద్దని నేనెక్కడన్నాను? ముద్ర వెయ్యొద్దంటున్నాను. ముద్ర పడ్డాక చెవిపోటుతో ఏడ్చినా "వాడికి అదుంది కదా" అంటారు, చెవిలోకి ఎవరూ చూడరు.

వానచినుకు: అసలు తగువు ఇదన్నమాట. ఇది మొదటే చెప్పుంటే కళ్ళ గొడవ తప్పేది.

స్పీచ్‌గది: చెవి సంగతి నిజమే. సాయం మొదలుపెట్టడానికి పేరు అక్కర్లేదు, అదీ ఒప్పుకుంటాను. ఏ పని తర్వాత ఏ పనో బొమ్మల పట్టీతో ముందే చూపించడం, ఆటకి గుంపు కాకుండా ఒక్క పిల్లాణ్ణే అరగంట పిలవడం, వంతులవారీ ఆట పెట్టడం. ఇవి ఏ పిల్లాడికీ చెడు చెయ్యవు. కానీ కాగితం మీద పేరు లేనిదే చాలా బళ్ళు వేలు కదపవు. అక్కడ మీతో నాకు కుదరదు.

నిదానం: బడి కోసం పిల్లాడికి పేరు పెడతామా?

గోరువంక: మీ ఇద్దరిదీ తేలేలోపు నేనేం చెయ్యాలి?

అక్షరమాల: ముందు వినికిడి పరీక్ష. పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడానికి చెవి కూడా కారణం కావచ్చు. తర్వాత తోటిపిల్లల మధ్య ఉన్నప్పుడు రెండేసి నిమిషాల వీడియోలు తియ్యండి. పెద్దవాళ్ళతో తీసినవి పనికిరావు, సంభాషణంతా మనమే మోసేస్తాం. అవి పట్టుకుని పిల్లల ఎదుగుదల నిపుణుల్ని కలవండి, నాలుగేళ్ళు రావాలని ఆగొద్దు. నాలుగు నిండాక కాస్ట్ (CAST) అని తల్లిదండ్రులు నింపే ఆటిజం ప్రశ్నావళి ఉంది, 4 నుంచి 11 ఏళ్ళ వాళ్ళకి. 37 ప్రశ్నలు, 31కే మార్కులు, 15 గానీ పైన గానీ వస్తే పూర్తి పరీక్ష చేయించాలి.

నిదానం: 15 వచ్చిందని ఆటిజమని రాసేసుకోకండి.

అక్షరమాల: ఎవరూ రాసుకోమనలేదండీ.