తాతయ్యతో పాత సినిమాలు చూస్తున్నా, నాకు పట్టుబడటం లేదు. ఎలా చూడాలో చెప్తారా?

మహారాణిపేట మనవరాలు

అందరికీ నమస్కారం. మాది వైజాగ్, మహారాణిపేట. రుషికొండ వైపు ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేస్తున్నాను. అమ్మమ్మ పోయాక తాతయ్య మా దగ్గరికి వచ్చేశారు. 85 దాటాయి, చూపు బాగానే ఉంది గానీ మెట్లు దిగడం కష్టమై బయటికి వెళ్లడం తగ్గిపోయింది. అందుకే ఆదివారం భోజనాలయ్యాక ఫోన్‌ని టీవీకి కలిపి ఆయన ఏ సినిమా అడిగితే అది పెడుతున్నాను. మొదట 1938 నాటి మాలపిల్ల అడిగారు, తర్వాత 1947 నాటి యోగి వేమన.

నిజం చెప్పాలంటే మాలపిల్ల అరగంట కూడా చూడలేకపోయాను. అందరూ ఒకే చోట నిలబడి మాట్లాడతారు, పాట మొదలైతే అసలు కదలరు, గొంతులేమో పీలగా ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు ఉంటాయి. యోగి వేమనకి వచ్చేసరికి నేను పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. వేమన అన్న కూతురు జ్యోతి చచ్చిపోతుంది కదా, ఆ తర్వాత కాసేపటికి పక్కకి తిరిగితే తాతయ్య తువ్వాలు కళ్లకి అడ్డం పెట్టుకుని ఉన్నారు. పదేళ్లప్పుడు పూర్ణా హాల్లో నేల టికెట్‌కి వాళ్ల నాన్నతో కలిసి చూశారట. 75 ఏళ్ల తర్వాత కూడా ఒక మనిషిని అంత కదిలిస్తున్నది ఏదో నా కళ్ల ముందే జరుగుతుంటే నాకు కనపడలేదు. అది చాలా బాధగా ఉంది. ఆయనకి తోడు కూర్చోవడం కాదు, ఆయన చూస్తున్నది నాకూ కనపడాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, దేన్ని గమనించాలి?

పద్యాల మాస్టారు

అమ్మా, మాది విజయనగరం. తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను, వయసులో ఉన్నప్పుడు పద్య నాటకాలు ఆడాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను.

నువ్వు రాసిన ఫిర్యాదులోనే జవాబుంది. పాట మొదలైతే కదలరు అన్నావు చూడు, ఎందుకు కదలరో తెలుసుకో. 1930లలో నేపథ్యగానం అలవాటు లేదు. కెమెరా తిరుగుతుండగానే నటులు పాడాలి, మాటా పాటా అప్పటికప్పుడే రికార్డవ్వాలి. మైకు ఎక్కడో పైన, కెమెరాకి కనపడకుండా వేలాడుతుంటుంది. హార్మోనియం, ఫిడేలు, తబలా వాళ్లు ఫ్రేము అంచుకి ఆవల కూర్చుని వాయిస్తుంటారు. రెండడుగులు పక్కకి వేస్తే గొంతు మైకుకి అందదు, పాట చివర్లో ఒక్క స్వరం తప్పితే మొత్తం మళ్లీ మొదటి నుంచి. అలా ఊపిరి బిగబట్టి, కళ్లతో నటిస్తూ, శ్రుతి తప్పకుండా పాడుతున్న మనిషిని మనం చూస్తున్నామన్నమాట. ఆ సంగతి తెలిశాక ఇంకోసారి చూడు, ఆ నిలబడటం నీకు వేరేగా కనిపిస్తుంది.

ఇంకొకటి, వాళ్లంతా ఎక్కడి నుంచి వచ్చారు? రంగస్థలం నుంచి. మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద, హెచ్.ఎం. రెడ్డి గారు బొంబాయిలో తీశారు, 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. అందులో లీలావతి వేసిన సురభి కమలాబాయి, కుటుంబాలకి కుటుంబాలే కలిసి ఆడే సురభి నాటకాల్లో పుట్టి పెరిగిన మనిషి. మైకు లేకుండా చిట్టచివరి వరసకి గొంతు వినిపించడం వాళ్లకి చిన్నప్పటి నుంచి అలవాటు, అందుకే మాటని విసిరినట్టు పలుకుతారు. అది చేతకానితనం కాదమ్మా, విద్య. ఆ భక్త ప్రహ్లాద ప్రింటు ఈరోజు ఒక్కటీ మిగల్లేదు. తల్చుకున్నప్పుడల్లా నాకు ఇంట్లో మనిషి ఫొటో పోగొట్టుకున్నట్టే ఉంటుంది.

మాలపిల్లని మాత్రం వదిలెయ్యకు. గూడవల్లి రామబ్రహ్మం గారు 1938లో ఆ కథ ఎత్తుకోవడమే ఎంత ధైర్యం. కథ చలం గారిది, మాటలు రాసినవారిలో తాపీ ధర్మారావు గారున్నారు. అంతకుముందు తెర మీద అందరూ గ్రాంథికం పలుకుతుంటే, ఇందులో మనుషులు ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడతారు. కాంచనమాలని చూడు, ఆ రోజుల్లోనే ఆమె కెమెరా ముందు ఎంత తేలిగ్గా ఉంటుందో. శాస్త్రి గారి వేషం వేసింది గోవిందరాజుల సుబ్బారావు గారు. ఆయన్నే 1955 నాటి కన్యాశుల్కంలో లుబ్ధావధానులుగా చూడు. రెండూ ఒకే వారంలో చూస్తే, ఒక నటుడు వేదిక మీది గొంతుని తెరకి తగ్గట్టు ఎలా దించుకుంటూ వచ్చాడో నీకే తెలుస్తుంది.

అల్లిపురం అబ్బాయి

మాస్టారూ, మీరు చెప్పిందంతా ఒప్పుకుంటాను గానీ కొత్తగా చూసేవాళ్లకి 1938తో మొదలుపెట్టమనడం సరి కాదనిపిస్తోంది. ఈత రానివాణ్ని భీమిలి దగ్గర సముద్రంలోకి దింపినట్టు ఉంటుంది. 1957 నాటి మాయాబజార్‌తో మొదలుపెట్టి వెనక్కి నడవాలి.

అక్కా, ఒకే ఒక్క పని చెయ్యి. మాయాబజార్‌లో "అహ నా పెళ్ళియంట" పాట వరకు వెళ్లి సావిత్రిని మాత్రమే చూడు, కథని పట్టించుకోకు. ఆ పాటలో ఉన్నది శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. అంటే సావిత్రి ఆడపిల్ల వేషంలో ఉన్న ఎస్వీ రంగారావుని నటించాలి! సిగ్గుపడుతూ ఒయ్యారంగా నడుస్తున్నది కాస్తా ఉన్నట్టుండి భుజాలు వెడల్పు చేస్తుంది, కనుబొమ్మ ఎగరేస్తుంది, అడుగు బరువెక్కుతుంది, మళ్లీ క్షణంలో చిన్నపిల్ల అయిపోతుంది. పాడింది మన విజయనగరం సుశీలమ్మ, మధ్యలో ఘటోత్కచుడి మగ గొంతు ఘంటసాల గారిది. ఆయన సంగీతం నేర్చుకున్నదీ విజయనగరం కాలేజీలోనే. ఆ ఒక్క పాట నేను ఇరవై సార్లు చూసి ఉంటాను, ప్రతిసారీ ఆ మారే క్షణం ఎక్కడో పట్టుకుందామని చూస్తాను.

ఇంకోమాట, 2010లో వచ్చిన రంగుల కాపీ వద్దు, నలుపు తెలుపే చూడు. కెమెరామన్ మార్కస్ బార్ట్లే వెన్నెలని ఆ రెండు రంగుల్లోనే చేశాడు. "లాహిరి లాహిరి" పాటలో నీళ్ల మీద ఆ తళుకు రంగు పూస్తే పోతుంది. ఇది నా అభిప్రాయమే, రంగుల్లో నచ్చినవాళ్లు కూడా చాలామంది ఉన్నారు.

రీలు పెట్టె

మా నాన్న ఇక్కడే ఒక సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్. నా చిన్నతనమంతా ప్రొజెక్టర్ క్యాబిన్‌లోనే గడిచింది. ఏ నటుణ్ని చూడాలో పై ఇద్దరూ బాగా చెప్పారు, నేను మిషన్ వైపు నుంచి రెండు మాటలు చెప్తాను, ఎందుకంటే పాత సినిమా మీద చిరాకు సగం దాన్ని తప్పుగా చూడటం వల్లే వస్తుంది.

ముందు మీ టీవీ సెట్టింగ్ చూడండి. ఆ సినిమాలు దాదాపు చదరంగా ఉండే బొమ్మకి తీసినవి. టీవీ దాన్ని వెడల్పుగా సాగదీస్తే కాంచనమాల ముఖం కూడా రొట్టెలా ఉంటుంది. కొన్ని కాపీల్లో పైనా కిందా కోసి తెర నింపేస్తారు, అప్పుడు నటుల తలలు, చేతులు పోతాయి. చేతులు పోతే ఆ నటనలో సగం పోయినట్టే. బొమ్మ కొలత 4:3 పెట్టి పక్కన నల్లగా వదిలెయ్యండి. టీవీ స్పీకర్ వదిలేసి ఏదైనా మంచి స్పీకర్ కలపండి, ఆ బావిలో గొంతు చాలా వరకు పైకొస్తుంది.

మధ్యలో మాట టక్కున తెగి బొమ్మ ఎగిరితే ఎడిటింగ్ తప్పనుకోకండి. ప్రింటు ఊళ్లు తిరిగి తిరిగి చిరుగుతుంది, చిరిగిన చోట నాలుగు ఫ్రేములు కత్తిరించి ఫిల్ము సిమెంటు అనే జిగురుతో అతికిస్తారు. మా నాన్న చేత్తో అలా ఎన్ని అతికించాడో. వన్స్‌మోర్ అని జనం అరిచే పాటల దగ్గరే అతుకులు ఎక్కువుండేవి అనేవాడు. కాబట్టి ఆ ఎగుడుదిగుళ్లు కూడా ఒక లెక్కన జనం ఇష్టపడ్డ గుర్తులే.

ఇంకొకటి గమనించండి. ఒక్కోసారి తెర కుడివైపు పై మూలలో చిన్న చుక్క ఒకటి మెరిసి మాయమవుతుంది, ఏడెనిమిది సెకన్లకి ఇంకోటి. రీలు అయిపోవస్తోందని ఆపరేటర్‌కి గుర్తు అది. మొదటిది పడగానే తర్వాతి రీలు ఎక్కించిన రెండో ప్రొజెక్టర్ మోటారు వెయ్యాలి, రెండోది పడగానే బొమ్మ దాని మీదికి మార్చాలి. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు, రెండు కలిపి చుడితే 22. నాన్న ఎవరితో మాట్లాడుతున్నా సరే, ఆ చుక్క టైముకి కన్ను తెర మీదే ఉండేది. ప్రొజెక్టర్‌లో దీపంగా మండే కార్బన్ కడ్డీల వెలుగు, ఆ వేడి, ఆ వాసన, ఇప్పటికీ మర్చిపోలేను.

మాస్టారు ప్రింటు పోయిందన్నారు కదా, కారణం కూడా చెప్తాను. 1950ల మొదటి వరకు వచ్చిన ఫిల్ము ఎక్కువగా నైట్రేట్. నిప్పు తగిలితే భగ్గుమంటుంది, ఊరికే ఉంచినా మన సముద్రం గాలి లాంటి తేమలో జిగటగా మారి చివరికి పొడైపోతుంది. నలుపు తెలుపు బొమ్మలో నిజంగానే వెండి ఉంటుంది, ఆట అయిపోయిన ప్రింట్లని ఆ వెండి కోసం కరిగించేసినవాళ్లూ ఉన్నారు. పూణేలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టేసరికి 1964. అప్పటికే చాలా పోయాయి. మన విశాఖలోనే 1930లలో ఆంధ్ర సినీటోన్ అని స్టూడియో పెట్టి భక్త జయదేవ తీశారన్న సంగతి ఇక్కడ ఎంతమందికి తెలుసు? జగదాంబ సెంటర్‌కి ఆ పేరు సినిమా హాలు వల్ల వచ్చిందని అందరికీ తెలుసు గానీ, ఈ ఊళ్లో సినిమానే తయారైందని మన పిల్లలకి ఎవరూ చెప్పలేదు.

పద్యాల మాస్టారు

అల్లిపురం బాబూ, వెనక్కి నడవమన్నావు, సరే, ఒప్పుకున్నాను. అయితే ఆ అమ్మాయి అడిగింది తాతగారికి కనిపిస్తున్నది తనకీ కనపడాలని. ఆయన్ని కదిలించింది వేమన వేషం వేసిన నాగయ్య గారు. కాబట్టి నాగయ్య గారి గురించి ఒక్క మాట.

అమ్మా, మిగతావాళ్లు గొంతు విసురుతున్న కాలంలో నాగయ్య గారు గొంతు దించారు. అంతే తేడా. ఏడుపు సీనులో ఏడవరు, మాట నెమ్మదిస్తారు, వాక్యం మధ్యలో ఆగుతారు, పాటలోకి ఎప్పుడు వెళ్లారో తెలియకుండా వెళ్లిపోతారు. మాట ఆయనదే, పాటా ఆయనదే కాబట్టి అతుకు కనపడదు. యోగి వేమనలో జ్యోతి పోయాక ఆ భాగం మళ్లీ పెట్టుకుని, వీలైతే కళ్లు మూసుకుని ఒకసారి విను. తర్వాత కళ్లు తెరిచి చూడు. ఆ తర్వాత ఆయనే తీసి నటించిన 1946 నాటి త్యాగయ్య.

మహారాణిపేట మనవరాలు

రెండు వారాల తర్వాత రాస్తున్నాను, ఏమనుకోకండి. అందరూ చెప్పింది వరసగా చేశాను. అల్లిపురం తమ్ముడూ, సావిత్రి భుజాలు మారే చోట నేను టీవీ ఆపి వెనక్కి తిప్పి ఐదుసార్లు చూశాను, తాతయ్య విసుక్కోకుండా ఐదుసార్లూ నవ్వారు. 4:3 పెట్టగానే ఆయన అన్న మొదటి మాట "ఇదీ, ఇలాగే ఉండేది" అని. అంటే ఇన్ని వారాలూ సాగిపోయిన ముఖాలే చూస్తూ ఏమీ అనలేదు పాపం.

మొన్న ఆదివారం కన్యాశుల్కం పెట్టాం. మూలన చుక్క మెరిసింది. నేను రీలు పెట్టె గారు చెప్పింది చెప్పాను. తాతయ్య చిన్నప్పటి నుంచీ ఆ చుక్క చూస్తూనే ఉన్నారట, ఫిల్ము మీద మరక అనుకున్నారట. అక్కడి నుంచి గిరీశం కన్నా ఆ మూల మీదే ఎక్కువ చూపు పెట్టారు, చుక్క పడినప్పుడల్లా నా మోచేయి తట్టి "రెండో మిషన్" అనడం.

మాస్టారూ, యోగి వేమన మీరు చెప్పినట్టే కళ్లు మూసుకుని విన్నాను. ఇంకేం రాయాలో తెలియడం లేదు. ఈసారి తువ్వాలు ఇద్దరికీ కావాల్సి వచ్చింది. త్యాగయ్యకి శబ్దం బాగున్న కాపీ ఎక్కడైనా ఉంటే చెప్పండి, నాకు దొరికిన దాంట్లో పాటలు సగంలో తెగిపోతున్నాయి. వచ్చే ఆదివారానికి కావాలి.