పారలలిజం టెస్ట్ ఫెయిల్, కర్వులు చూస్తే మాత్రం ఒకదాని మీద ఒకటి ఉన్నాయి

ప్రశ్న (క్యూసీ_జీనోమ్‌వ్యాలీ):
నమస్కారమండీ. మాది సెల్ బేస్డ్ అస్సే (కణాల మీద మందు బలం కొలిచే పరీక్ష), 96 వెల్ (గుంటల) ప్లేట్. రిఫరెన్స్‌కీ (పోల్చడానికి వాడే ప్రామాణిక మందు) శాంపిల్‌కీ ఎనిమిదేసి డోసులు, డోసుకి మూడు వెల్స్, ఫోర్ పారామీటర్ లాజిస్టిక్ (ఎస్ ఆకారపు కర్వు) ఫిట్. ప్లేట్ చాలా శుభ్రంగా వచ్చింది, అయినా రెండు కర్వులూ సమాంతరమేనా అని చూసే ఎఫ్ టెస్ట్‌లో (పారలలిజం టెస్ట్) పి విలువ 0.02 అని ఇన్‌వాలిడ్ చేశారు. అదే శాంపిల్, పాయింట్లు చెల్లాచెదురైన ఇంకో ప్లేట్‌లో పాస్! ఫెయిలైన ప్లేట్ నుంచి ఈసీ50 (సగం ప్రభావం చూపే డోసు) నిష్పత్తి తీసి రిపోర్ట్ చేయొచ్చా?

జవాబు (స్టాట్స్_అన్న):
వద్దు. పొటెన్సీ (రిఫరెన్స్‌తో పోలిస్తే శాంపిల్ బలం) అంటే లాగ్ డోసు అక్షం మీద రెండు కర్వుల మధ్య అడ్డంగా ఉండే దూరం. సమాంతరంగా లేకపోతే ఆ దూరం ఒక్కో ఎత్తులో ఒక్కోలా ఉంటుంది, అప్పుడు ఏ అంకెను పొటెన్సీ అంటారు?

అయితే మీ టెస్ట్‌లోనే తిరకాసు ఉంది. ఎఫ్ టెస్ట్ "తేడా ఏమైనా ఉందా" అని చూస్తుందే తప్ప "ఆ తేడా లెక్కలోకి తీసుకోవాల్సినంత పెద్దదా" అని చూడదు. కాబట్టి ఎంత శుభ్రంగా చేస్తే అంత చిన్న తేడాకీ పట్టుబడతారు, గజిబిజిగా చేసినవాళ్లు గట్టెక్కుతారు. ఇది అన్యాయం, అందుకే యూఎస్‌పీ (అమెరికా ఔషధ ప్రమాణాల గ్రంథం) 1032 చాప్టర్ ఈక్వివలెన్స్ టెస్ట్ వైపు మొగ్గుతుంది: స్లోప్‌ల నిష్పత్తికి 90% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల పరిధి) కట్టి, అది ముందే పెట్టుకున్న హద్దుల్లో పూర్తిగా ఇమిడిందా చూడాలి. మీది లాజిస్టిక్ కాబట్టి పై, కింది అసింప్టోట్‌లకీ (కర్వు చదునయ్యే మట్టాలు) అలాగే. హద్దుల కోసం రిఫరెన్స్‌ని రిఫరెన్స్‌తోనే పోల్చిన పాత ప్లేట్ల డేటా చూడండి. ఈ ప్లేట్ పాసయ్యేలా మాత్రం ఇప్పుడు కూర్చుని హద్దులు పెట్టకండి.

జవాబు (పిపెట్_అక్క):
ఆ మూడు వెల్స్ ఒకే డైల్యూషన్ సిరీస్ (ట్యూబు నుంచి ట్యూబుకి పలచన చేసుకుంటూ పోయిన వరస) నుంచా?

క్యూసీ_జీనోమ్‌వ్యాలీ:
అవునండీ, ఎస్‌ఓపీలో (మా రాతపూర్వక పని పద్ధతి) అలాగే ఉంది.

పిపెట్_అక్క:
అయితే అవి నిజమైన రెప్లికేట్లు (విడివిడిగా మళ్లీ చేసిన కొలతలు) కావు. రెండో ట్యూబులో కాస్త ఎక్కువ పడితే ఆ తప్పు కిందిదాకా పాకుతుంది, మూడు వెల్సూ కలిసే పక్కకి జరుగుతాయి. సాఫ్ట్‌వేర్ వాటిని దేనికదే విడి అనుకుని ఎర్రర్‌ని తక్కువగా లెక్కిస్తుంది, ఎఫ్ ఉబ్బిపోతుంది. విడివిడిగా మూడు సిరీస్‌లు చేయండి. అంచు వెల్స్ ఆరిపోతాయి, అక్కడ శాంపిల్ పెట్టకండి.

క్యూసీ_జీనోమ్‌వ్యాలీ:
సరేనక్కా, ఎస్‌ఓపీ మార్పుకి పెడతాను. ప్లేట్ల పొటెన్సీలకి మామూలు సగటు తీయొచ్చా?

స్టాట్స్_అన్న:
లాగ్‌లో తీసి వెనక్కి మార్చండి. 80%, 125% వస్తే మామూలు సగటు 102.5, జియోమెట్రిక్ మీన్ (అలా లాగ్‌లో తీసిన సగటు) సరిగ్గా 100. ఇంటర్వెల్ కూడా లాగ్‌లోనే కట్టాలి.