మా తమ్ముడు ఒక బ్యాచ్‌లో తిరుగుతున్నాడు. పిల్లలు గ్యాంగుల్లోకి ఎందుకు వెళ్తారు?

కృష్ణవేణి, విజయవాడ:

అందరికీ నమస్కారం. నాన్న లేరు. అమ్మ ఒక హాస్టల్లో వంట చేస్తుంది, నేను మందుల షాపులో పనిచేస్తాను. తమ్ముడికి పదిహేడేళ్లు. ఇంటర్ ఫస్టియర్‌లో మూడు సబ్జెక్టులు పోయాక మళ్లీ కాలేజీ ముఖం చూడలేదు. ఆరు నెలలుగా వెనక వీధిలో ఒక 'అన్న' దగ్గర తిరుగుతున్నాడు. అన్న పుట్టినరోజుకు ఫ్లెక్సీ కట్టడం, అర్ధరాత్రి రోడ్డు మీద కేకు కోయడం, ఒకే బండి మీద ముగ్గురు తిరగడం. వయసులో ఇవి మామూలేలే అనుకున్నాం. పోయిన వారం ఉతకడానికి ప్యాంటు తీస్తే జేబులో పేపర్ కట్టర్ దొరికింది. ఎందుకురా ఇది అంటే 'నా సేఫ్టీకి అక్కా' అన్నాడు.

2020 మే 30న పటమటలో రెండు గ్యాంగులు కొట్టుకున్న వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక మనిషి ప్రాణం పోయింది. అప్పుడు మావాడు ఏడో తరగతి. ఫోన్లో అది చూసి భయపడి, ఆ రాత్రి నా పక్కన వచ్చి పడుకున్నాడు. అదే పిల్లాడి జేబులో ఇప్పుడు బ్లేడు ఉంది.

తిట్టాం, అమ్మ కొట్టింది కూడా. రెండు రోజులు ఇంటికి రాలేదు. చెడు సావాసం అని అందరూ అంటున్నారు. సరే, వాడికి ఆ సావాసమే ఎందుకు నచ్చింది? ఇల్లు, నేను, అమ్మ ఎందుకు చాలలేదు? మీ ఇళ్లలో ఇలాంటిది జరిగి ఉంటే చెప్పండి. దీని గురించి చదువుకున్నవాళ్లు ఉంటే వాళ్లూ చెప్పండి.

శ్రీను, ఆటోనగర్:

చెల్లీ, నేనూ అలా తిరిగినవాణ్ణే. 1998 నుంచి దాదాపు మూడేళ్లు. ఇప్పుడు నాకు సొంత షెడ్ ఉంది, ఇద్దరు ఆడపిల్లలు. ఈ విషయం నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

డబ్బు కోసం వెళ్తారని అందరూ అనుకుంటారు. మా అన్న మాకిచ్చింది పొద్దున టిఫిన్, బండికి పెట్రోలు, పండక్కి ఒక చొక్కా. మెకానిక్ షెడ్‌లో హెల్పర్‌కి అంతకన్నా ఎక్కువ వచ్చేది. మరి ఎందుకు వెళ్లానంటే, టెన్త్‌లో నన్ను ఆఖరి బెంచీలో కూర్చోబెట్టి మూడు నెలలు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇంట్లో 'పనికిమాలినోడా' అన్నదే నా పేరు. అన్న మాత్రం మొదటి రోజే 'ఏం శ్రీనూ, తిన్నావా' అన్నాడు. టీ బడ్డీ దగ్గర నలుగురు జరిగి నాకు చోటిచ్చారు. నేను వస్తే జరిగి చోటివ్వడం అదే మొదటిసారి. ఆ చోటు కోసం ఏ పనైనా చేసేవాణ్ణి. చేశాను కూడా.

సుధారాణి, షికాగో:

శ్రీను గారు, మీరు రాసింది నాలుగుసార్లు చదివాను. నేను ఇక్కడ క్రిమినాలజీలో ఎంఏ చేశాను. మా క్లాసుల్లో వారాల తరబడి చర్చించుకున్నదే మీరు టీ బడ్డీ దగ్గర చూపించారు. ఆల్బర్ట్ కోహెన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1955లో చెప్పింది ఇదే. బడి అందరినీ ఒకే కొలబద్దతో కొలుస్తుంది. ఆ కొలతకు అందని పిల్లలు అవమానంతో కొన్నాళ్లు నలుగుతారు, ఆ తర్వాత కొలబద్దనే తిరగేసుకుంటారు. బడిలో ఏది తప్పో తమ గుంపులో అదే గొప్ప అవుతుంది. ఆ కొత్త లెక్కలో వాళ్లకు మార్కులు పడతాయి.

డబ్బు సంగతి కూడా నిజం. సుధీర్ వెంకటేష్ అని చెన్నైలో పుట్టిన సామాజిక శాస్త్రవేత్త ఉన్నారు. షికాగో దక్షిణ భాగంలో రాబర్ట్ టేలర్ హోమ్స్ అనే పెద్ద ప్రభుత్వ నివాసాల్లో ఏళ్ల తరబడి తిరిగారు. డ్రగ్స్ అమ్మే ఒక గ్యాంగు జమాఖర్చుల లెక్కలు ఆయన చేతికొచ్చాయి. ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్‌తో కలిసి 2000లో వాటిని విశ్లేషించి ప్రచురించారు. పైనున్న నాయకుడికి బాగానే మిగులుతుంది. రోడ్డు మీద నిలబడే కుర్రాడి సంపాదన మాత్రం కనీస వేతనం దరిదాపుల్లో, కొన్నిసార్లు అంతకన్నా కింద ఉంది. చావు భయం అదనం.

ఇంకొకటి. ఫ్రెడరిక్ థ్రాషర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ ఊళ్లోనే 1,313 గ్యాంగుల వివరాలు సేకరించి 1927లో పుస్తకం వేశాడు. వాటిలో చాలావరకు వీధిలో ఆడుకునే పిల్లల గుంపులుగా మొదలైనవే. పక్క వీధివాళ్లతో గొడవ వచ్చినప్పుడు, పెద్దలు తరిమినప్పుడు ఆ గుంపు గట్టిపడి గ్యాంగ్ అయింది. వాళ్లు మొదట నేరం కోసం కలవలేదు.

రామ్మూర్తి మాస్టారు, గుంటూరు జిల్లా:

అమ్మా, మీరు చెప్పింది బాగుంది కానీ నాకో సందేహం. నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఒకే కాలనీ నుంచి నలభై మంది వచ్చేవారు. అందరిదీ ఒకే పేదరికం. ఆఖరి బెంచీలు కూడా చాలామందివే. వాళ్లలో బ్యాచ్‌ల్లోకి వెళ్లింది ముగ్గురో నలుగురో. పేదరికమే కారణమైతే మిగతావాళ్లు ఎందుకు వెళ్లలేదు?

నాకు కనపడిన తేడా ఒకటే. మిగతావాళ్లకు పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. ఒకడికి కబడ్డీ టీమ్, ఇంకొకడికి సాయంత్రం నాన్నతో ఇడ్లీ బండి, మరొకడికి అమ్మమ్మ. 'మా అమ్మమ్మకు తెలిస్తే చచ్చిపోద్ది సార్' అని ఒకడు గోడ దిగి వచ్చేశాడు.

ఒక పిల్లాడి విషయంలో తప్పు నాదే. ఇతర పిల్లలు చెడిపోతారని పేరు కొట్టేయించాను. మరుసటి ఏడాది వాడి ఫోటో పేపర్లో చూశాను. ఆ రోజు అన్నం సయించలేదు. ఇప్పటికీ ఆ పిల్లాడి హాజరు నంబరు గుర్తుంది.

సుధారాణి, షికాగో:

మాస్టారూ, మీరు ప్రశ్నను తిప్పి అడిగారు. 1969లో ట్రావిస్ హిర్షీ అనే సామాజిక శాస్త్రవేత్త కూడా అలాగే అడిగాడు. నేరం ఎందుకు చేస్తారన్నది పక్కన పెట్టి, మిగతా అందరూ ఎందుకు చేయరో చూడండి అన్నాడు. మనుషుల మీద మమకారం, పెట్టుకున్న పెట్టుబడి పోతుందన్న బెంగ, తీరిక లేకుండా చేసే పని, ఇది తప్పన్న నమ్మకం. ఈ నాలుగు తాళ్లలో ఎన్ని తెగితే అంత ప్రమాదం. మీరు చెప్పిన ఆ పిల్లాడి అమ్మమ్మ కథ మొదటి తాడు.

నరేష్, కూకట్‌పల్లి:

ఇంత పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. సినిమాలు, రీల్స్. కత్తి పట్టుకుని స్లో మోషన్‌లో నడిస్తే వేల లైకులు. అదే చూసి చెడిపోతున్నారు.

శ్రీను, ఆటోనగర్:

నరేష్ అన్నా, మా రోజుల్లో రీల్స్ లేవు. షికాగోలో 1927లోనూ లేవు కదా. కానీ ఒకటి ఒప్పుకుంటాను. మేం నలుగురి ముందు తిట్టుకుంటే ఆ నలుగురూ మర్చిపోయేవాళ్లు. ఇప్పుడు ఆ తిట్టు ఫోన్లో ఉండిపోతుంది, ఊరంతా చూస్తుంది. వెనక్కి తగ్గే దారి లేదు. మా షెడ్‌లో కుర్రాళ్లను చూస్తున్నాను, స్టేటస్‌లో ఒక మాట కోసం కొట్టుకునేదాకా వెళ్తారు.

వెంకటరావు, రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, రాజమండ్రి:

అందరూ పిల్లల మీద జాలి చూపిస్తున్నారు. బ్లేడ్ బ్యాచ్ చేతిలో ముఖం చీరించుకున్న కూరగాయల వ్యాపారిని ఆసుపత్రికి మోసుకెళ్లింది నేను. నా అనుభవంలో కొందరు ముందునుంచే మొరటువాళ్లు. గ్యాంగ్ లేకపోయినా ఏదో ఒకటి చేస్తారు. షీట్ ఓపెన్ చేసి కనిపెట్టి ఉండకపోతే ఊరు నిలవదు.

అయితే నా మనసులో ఎప్పుడూ ఒక ముల్లు ఉండేది, అదీ చెప్తాను. ఆదివారం పూట రౌడీషీటర్లను పిలిచి కౌన్సెలింగ్ ఇచ్చేవాళ్లం. అందరినీ ఒకే వరండాలో కూర్చోబెట్టేవాళ్లం. ఒక్క కొట్లాట కేసున్న ఇరవై రెండేళ్ల కుర్రాడు, పక్కనే మూడు హత్యాయత్నాల కేసులున్న మనిషి. రెండు గంటలు వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకుంటారు? ఆ కుర్రాడిని ఆర్నెల్ల తర్వాత అదే మనిషి బండి మీద వెనక చూశాను. వాళ్లిద్దరికీ పరిచయం చేసింది మేమే అనిపించింది.

సుధారాణి, షికాగో:

వెంకటరావు గారు, మీ రెండు మాటలకీ ఇక్కడి పరిశోధనలో జవాబు ఉంది.

మొదటిది. న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ అనే ఊళ్లో టెరెన్స్ థార్న్‌బెర్రీ అనే పరిశోధకుడి బృందం అవే పిల్లలను ఏళ్ల తరబడి చూసి, 1993లో ఫలితాలు చెప్పింది. గ్యాంగులో చేరకముందు, ఉన్నప్పుడు, బయటికొచ్చాక ఏం చేశారో పోల్చింది. వాళ్లు నిజంగానే మొరటువాళ్లయితే మూడు దశల్లోనూ నేరాలు ఒకేలా ఉండాలి. అలా లేవు. గ్యాంగులో ఉన్న రోజుల్లో పెరిగాయి, బయటికొచ్చాక తగ్గాయి. మీరన్న ముందునుంచే మొరటువాళ్లు కొందరు ఉంటారు, కాదనను. కానీ చాలామంది విషయంలో గుంపే మనిషిని మార్చేస్తుంది.

రెండోది, మీ వరండా. లాస్ ఏంజెలెస్‌లో 1960ల్లో గ్యాంగు పిల్లల కోసమని ఉద్యోగులను పెట్టి మీటింగులు, ఆటలు, విహారాలు ఏర్పాటు చేశారు. మాల్కమ్ క్లైన్ అనే పరిశోధకుడు దాన్ని పరిశీలిస్తే నేరాలు పెరిగినట్టు తేలింది. మంచి ఉద్దేశంతో చేసిన పనే, కానీ గుంపుగా కూర్చోబెట్టడంతో ఆ గుంపు ఇంకా దగ్గరైంది. ఆ తర్వాత ఆయన పిల్లలను విడివిడిగా చూసుకుంటూ గుంపును పలచన చేస్తే తగ్గాయి.

ఇక షీటు. హోవర్డ్ బెకర్ లాంటి సామాజిక శాస్త్రవేత్తలు చెప్పింది ఏమిటంటే, మనిషికి ఒక ముద్ర వేస్తే ఊరు ఆ ముద్రతోనే మాట్లాడుతుంది. పని ఇవ్వదు, పిల్లనివ్వదు. చివరికి ఆ ముద్రను గౌరవించే ఒకే ఒక్క చోటికి అతను తిరిగి వెళ్తాడు. నాకైతే మన రౌడీషీటు పద్ధతి గురించి అందరికన్నా ముందు ఆలోచించాల్సింది ఇదే అనిపిస్తుంది.

కృష్ణవేణి, విజయవాడ:

అందరికీ దండాలు. రాత్రి రెండింటిదాకా చదివాను. 'సేఫ్టీ' అన్న మాట మాత్రం నన్ను వదలడం లేదు. ఆ బ్యాచ్‌లో ఉంటేనే కదా దెబ్బలు తగిలేది? సేఫ్టీ ఎలా అవుతుంది?

లలిత, లాస్ ఏంజెలెస్:

కృష్ణవేణీ, నేను ఇక్కడ ఎమర్జెన్సీ వార్డులో నర్సుని. పొట్టలో తూటాతో వచ్చిన పదహారేళ్ల పిల్లాడిని ఎందుకు చేరావని అడిగాను. సరిగ్గా మీ తమ్ముడి మాటే అన్నాడు.

ఎంఎస్-13 అన్న గ్యాంగు పేరు వినే ఉంటారు. అది పుట్టింది ఈ ఊళ్లోనే, 1980ల్లో. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడోర్ దేశంలో యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాల పిల్లలు. భాష రాదు, ఇక్కడ అప్పటికే ఉన్న గ్యాంగులు వీధిలో కొట్టేవి. తట్టుకోవడానికి ఒకటయ్యారు. యుద్ధం ముగిశాక వాళ్లలో చాలామందిని అమెరికా వెనక్కి పంపేసింది. దానితో అసలు ఆ గ్యాంగే లేని దేశానికి అది చేరింది.

చేరాక భయం తగ్గుతుందట, దెబ్బలు మాత్రం పెరుగుతాయట. పిల్లలనే అడిగి తేల్చిన విషయం ఇది. గుంపులో ఉన్నామన్న ధైర్యానికి, ఒంటి మీద పడే దెబ్బలకు పొంతన లేదు. కాబట్టి 'నీకు ప్రమాదం' అని చెప్తే మీవాడు నమ్మడు. వాడికి ఇప్పుడే ధైర్యంగా ఉంది మరి. ముందు ఎవరంటే భయపడ్డాడో అది అడగండి.

రామ్మూర్తి మాస్టారు, గుంటూరు జిల్లా:

అమ్మా, అవసరం పడకూడదు గానీ ఒకటి తెలిసి ఉండాలి. మీవాడికి ఇంకా పద్దెనిమిది నిండలేదు. ఏదైనా జరిగితే లాకప్‌లో పెట్టకూడదు, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తీసుకెళ్లాలి. కానీ 2015 చట్టం ప్రకారం పదహారు నిండినవాడి మీద ఘోరమైన నేరం మోపితే పెద్దవాళ్లలాగే విచారించే వీలుంది. ఆ కట్టర్ జేబులో ఉండగా ఒక్క సాయంత్రం చాలు. చదువు సంగతికి తొందర లేదు, ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టుకోవచ్చు.

శ్రీను, ఆటోనగర్:

నేను ఎలా బయటికొచ్చానో చెప్తాను చెల్లీ. సినిమాలో చూపించినట్టు ఎవరూ అడ్డుపడలేదు. మా మావయ్య షెడ్‌లో పెట్టాడు. పొద్దున ఎనిమిదికి వెళ్తే రాత్రి తొమ్మిది. ఇంటికొచ్చేసరికి ఒళ్లు నొప్పులు, నిద్ర. వారానికోసారి అన్న దగ్గరికి వెళ్లేవాణ్ణి, తర్వాత నెలకోసారి, తర్వాత వెళ్లనేలేదు. అదే సమయంలో నాతో తిరిగిన ఒకడి మీద షీట్ పడింది. వాడికి ఎవరూ పనివ్వలేదు. ఇద్దరం ఒకే కొట్లాటలో ఉన్నాం. ఆ రోజు పోలీసులు వచ్చేసరికి నేను టిఫిన్ తేవడానికి వెళ్లాను, వాడు అక్కడే ఉన్నాడు. మా ఇద్దరి బతుకులకీ తేడా అంతే. వాడు 2009లో చనిపోయాడు.

మీవాడి ముందు అన్నని తిట్టకండి. తిడితే వాడు అన్న పక్షాన వాదించాలి, వాదించేకొద్దీ గట్టిగా అతుక్కుంటాడు. సాయంత్రం ఐదు నుంచి పది దాకా వాడికి పని ఉండేలా చూడండి, మిగతా సమయం గురించి అంత బెంగ వద్దు.

సుధారాణి, షికాగో:

శ్రీను గారి అనుభవం అరుదైనది కాదు. ఇక్కడి ఊళ్లలో పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తే, గ్యాంగులో చేరినవాళ్లలో ఎక్కువమంది ఏడాది, రెండేళ్లలోపే బయటికొచ్చేశారు. కృష్ణవేణి గారూ, ఈ మాట మీ అమ్మగారికి తప్పకుండా చెప్పండి.

కృష్ణవేణి, విజయవాడ:

మూడు వారాలైంది, ఏమీ రాయలేకపోయాను. లలిత గారు చెప్పినట్టే అడిగాను. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు రాత్రి కరెంటు పోయినప్పుడు మేడ మీద చెప్పాడు. టెన్త్‌లో ఉండగా బస్టాపు దగ్గర ఇద్దరు ఫోన్ లాక్కుని, ప్యాంటు విప్పించి వీడియో తీశారట. నెలల తరబడి డబ్బులు అడిగారట. అమ్మ హ్యాండ్‌బ్యాగులో తగ్గిన డబ్బు అదే. అప్పుడు నేనే వాణ్ణి దొంగ అన్నాను. వెనక వీధి అన్న వెళ్లి ఆ ఇద్దరితో మాట్లాడాక వాళ్లు ఆపేశారట. అన్న ఆ ఒక్క పని చేశాడు.

అమ్మ ఏడ్చింది. నేను వాడి కాళ్లు పట్టుకున్నాను. కట్టర్ వాడే ఇచ్చాడు. పనికి వెళ్తానంటున్నాడు కానీ ఆటోనగర్ వెళ్లే దారిలో ఆ బస్టాపు ఉంది. అక్కడ దిగనంటున్నాడు, కాలువ గట్టు మీదుగా చుట్టూ నడిచి వెళ్తానంటున్నాడు.

శ్రీను, ఆటోనగర్:

నడవక్కర్లేదు చెల్లీ. మీ వీధి చివర గుడి దగ్గర ఏడున్నరకి ఉండమను. సోమవారం నుంచి నా బండి మీద తీసుకెళ్తాను, రాత్రి నేనే దింపుతాను. టిఫిన్ మా ఇంట్లో తింటాడు.